పూత నిలవని బాల్కనీ

పొద్దున్నే చూస్తే బాల్కనీ గచ్చు మీద మళ్ళీ పసుపు పూలు రాలి ఉన్నాయి, తొడిమలతో సహా, ఎవరో గోటితో గిల్లి పడేసినట్టు. కౌంటరక్క ఒకటి ఏరి అరచేతిలో పెట్టుకుంది. పెట్టుకుని పువ్వును కాదు, గచ్చును చూసింది. గచ్చు కింద ఉన్నది తమ్ముడి లాండ్రీ. లాండ్రీలో ఉన్నది తమ్ముడి పెళ్ళాం.

"నీ పనే," అంది గచ్చుతో.

కౌంటరక్క అనే పేరు వీధివాళ్ళు పెట్టింది. బస్‌స్టేషన్‌లో టికెట్ల కౌంటర్లో పనిచేసి రిటైరైన మనిషి. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ గాజుపలకకు కోసిన బెజ్జంలోంచే జనంతో మాట్లాడింది. ఎదుటివాడి మాట సగంలో ఉండగానే "తర్వాత!" అని అరవడం అక్కడ అబ్బిన విద్య. ఇంటికొచ్చాక కూడా అది వదల్లేదు. మనుషులకూ తనకూ మధ్య ఒక అద్దం ఉంటేనే ఆవిడకు హాయి. అందుకే కింద నుంచి ఆవిరి, నూగు వస్తున్నాయనీ, పైనుంచి పావురాలు దిగుతున్నాయనీ చెప్పి బాల్కనీకి నిలువెత్తు అద్దాలు బిగించింది. సందుల్లో గమ్ము కూడా పట్టించింది. చీమ దూరాలన్నా చిరునామా అడగాల్సిందే. ఆ అద్దాల లోపల, పాత పెయింటు డబ్బాల్లో, చెవి విరిగిన బకెట్లలో ఆవిడ టొమాటో మొక్కలు.

ఇల్లు తండ్రి కట్టింది. పైఅంతస్తు కూతురికి, కింది అంతస్తు కొడుక్కి అని ఆయనే పంచి పోయాడు. తల్లి అంతకు చాలా ముందే పోయింది. అప్పటికి తమ్ముడికి పాలపళ్ళు కూడా ఊడలేదు. వాడికి అన్నం పెట్టి, తల దువ్వి, బడికి పంపి, జ్వరమొస్తే సెలవు పెట్టి, పెంచింది అక్కే. తన పెళ్ళి మాట ఎవరైనా ఎత్తితే "తర్వాత!" అంది. అలా అంటుండగానే ఆ తర్వాత కూడా దాటిపోయింది. తమ్ముడు మాత్రం చక్కగా పెళ్ళి చేసుకున్నాడు. వచ్చినావిడ నోట్లో నాలుక లేని మనిషి అయ్యుంటే ఇంత కథ ఉండకపోను. వచ్చినావిడకు నాలుక ఉంది, దానికి పదునూ ఉంది. మొదటి రోజు నుంచీ ఇద్దరూ ఉప్పూ నిప్పూ.

కింద లాండ్రీలో హోటళ్ళ దుప్పట్లు, గలీబులు, టవళ్ళు మూటలకు మూటలు ఉతికేవాళ్ళు. ఉతికినవాటిని పిండడానికి ఒక పెద్ద యంత్రం ఉండేది. దానికి ఏదో అసలు పేరుంది గానీ ఇంట్లో అందరూ డ్రమ్మనే అనేవాళ్ళు. అది తిరగడం మొదలెడితే కింద గోడలు, పైన గచ్చు, గచ్చు మీద కుర్చీ, కుర్చీలో కౌంటరక్క వరసగా వణికేవాళ్ళు. రోజూ పొద్దెక్కి ఎండ బాల్కనీలోకి దిగే వేళకు తమ్ముడు డ్రమ్ము ఆన్ చేసేవాడు. ఒకసారి తిప్పితే దాని పని అది చూసుకుంటుంది. అప్పుడు మెట్లెక్కి పైకొచ్చేవాడు.

"అక్కా, ఉప్పుందా?"

మందుసీసా మూతలో ఉప్పు ఎప్పుడూ కిటికీ గట్టు మీద సిద్ధం. వాడు మొక్కకున్న పండును తెంపి, చొక్కాకు తుడిచి, ఉప్పులో అద్ది, నిలబడే తినేవాడు. ఆవిడ పక్కన నిలబడి తిట్టేది. "నీ డ్రమ్ము తగలెయ్య, నా పళ్ళు కదిలిపోతున్నాయిరా. చూడు, గట్టు మీద మీ దుమ్ము, పసుపు పసుపుగా. ఇందాకే తుడిచాను." వాడు తలూపి ఇంకో పండు తెంపేవాడు. అలా వాడు తింటున్నంతసేపూ, తను తిడుతున్నంతసేపూ, ఆవిడకు లోకంలో ఇంకేమీ అక్కర్లేదు. ఈ మాట ఆవిడను అడిగితే ఒప్పుకోదు, నేను చెప్తున్నాను.

చెడింది కప్పుల దగ్గర. తల్లి నాటి పింగాణీ కప్పులు డ్రమ్ము అదురుకు అలమారలో జరిగి జరిగి, ఓ రోజు అంచు దాటి పడి ముక్కలయ్యాయి. కౌంటరక్క ముక్కలు పట్టుకుని కిందికి వెళ్ళింది. మరదలు ఇస్త్రీ ఆపకుండానే, "వెనక్కి జరిపి పెట్టుకోవాలి వదినా," అంది. అంతే. "అయ్యో" అని ఉంటే సరిపోయేది. కౌంటరక్క ఆ వారంలోనే మున్సిపల్ ఆఫీసుకెళ్ళి ఫిర్యాదు చేసింది. ఆఫీసరు వచ్చి, ఇళ్ళ మధ్య ఇంత యంత్రం తిప్పకూడదని చెప్పిపోయాడు. డ్రమ్ము ఆగింది. ఇల్లు ఊపిరి బిగబట్టినట్టు నిశ్శబ్దమైంది. గట్టు మీద పసుపు దుమ్ము కూడా లేదు. కౌంటరక్క కడుపు చల్లబడింది.

ఆ చల్లదనం ఎన్నాళ్ళో నిలవలేదు. ఉన్న కాయలు అయిపోయాయి. మొక్కలు ఏపుగా పెరిగాయి, విరగబూశాయి, పూసినవన్నీ రాలాయి. ఒక్క పిందె లేదు. తమ్ముడు మొదట్లో ఒకటి రెండుసార్లు వచ్చి, ఆకులు ఎత్తి చూసి, "ఇంకా కాయలేదా అక్కా?" అని దిగిపోయాడు. తర్వాత రావడం మానేశాడు. కాయ కాస్తే వాడు వస్తాడు, కాయకుండా చేస్తే రాడు. ఇది తనకు తెలిసినట్టే కిందున్న దానికీ తెలుసు. ఆవిడ లెక్క అంతే. ఇక పట్టుదలకు పోయింది. మట్టి మార్చింది. ఎరువు వేసింది, చాలదని ఇంకా వేసింది. నీళ్ళు పెంచింది, తగ్గించింది, వాడిపోయేదాకా మానేసింది. చివరికి నర్సరీ అతన్ని ఇంటికి పిలిపించింది.

అతను మొక్కల చుట్టూ తిరిగి, ఆకు నలిపి వాసన చూసి, "ఎరువెక్కువైంది మేడమ్. ఆకు బలిసింది," అన్నాడు.

"ఎరువు ముందు వేశానా, పూత ముందు రాలిందా? పూత రాలాకే వేశాను."

"అయితే గాలి లేదు. పుప్పొడి కదలాలి కదండీ. గాలైనా కదిలించాలి, తేనెటీగైనా వాలాలి. మీరు చూస్తే సీసాలో బిగించినట్టు బిగించారు."

"పోయినేడు కూడా ఇవే అద్దాలు, ఇదే గమ్ము. కొమ్మలు వంగేలా కాశాయి."

అతను తల గోక్కున్నాడు. "అయితే గాలి గొడవ కాదు. అప్పటికీ ఇప్పటికీ ఏం మారింది?"

"ఏమీ మారలేదు. కింద మా తమ్ముడి మెషీన్ ఆగింది, ఇల్లు ప్రశాంతంగా ఉంది, అంతే."

"అయితే విత్తనం లోపం," అని తేల్చేసి, కొత్త రకం విత్తనాల పొట్లం ఆవిడ చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. కళ్ళ ముందున్నది వదిలేసి ఊరంతా వెతకడమంటే ఇదే. ఇద్దరికిద్దరూ చెవిలో చెప్పినా వినని రకం.

అతను వెళ్ళాక ఆవిడ డబ్బాల అంచులు పట్టి పట్టి చూసింది. మట్టి మీద తెల్లగా పొరలా కట్టి ఉంది. అది ఆవిడ పోసిన ఎరువే, ఎండి పైకి తేలింది. కానీ కోపంలో ఉన్న మనిషికి తెల్లగా కనిపించిందల్లా కింది లాండ్రీ సోడా పొడే. తను బజారుకెళ్ళినప్పుడు తలుపు తాళం వేయదు. ఇంకేం కావాలి? ఆవిడ ఒక డబ్బాను మొక్కతో సహా చంకనెత్తుకుని మెట్లు దిగింది.

లాండ్రీలో బట్టలు తీసుకోవడానికి వచ్చినవాళ్ళు నిలబడి ఉన్నారు. మరదలు బల్ల వెనక బట్టలు మడుస్తోంది. కౌంటరక్క డబ్బాను ఇస్త్రీ చేసిన తెల్ల దుప్పట్ల దొంతర మీద ధనామని పెట్టింది. మట్టి చింది దుప్పటి నిండా పడింది.

"ఏంటిది?" అంది మరదలు.

"నువ్వే చెప్పు. ఏం పోశావు ఇందులో? సోడానా, బ్లీచింగా?"

"నాకు బట్టలకు పోయడానికే చాలట్లేదు వదినా. పై మెట్లెక్కి మీ మొక్కలకు కూడా పోస్తానా?"

"మరి ఎందుకు కాయదు? నా చేత్తో పెంచింది ఎందుకు కాయదు?"

మరదలు మట్టి పడిన దుప్పటిని చూసింది. పొద్దుట్నుంచీ చేత్తో పిండిన దుప్పటి. ఆవిడ వేళ్ళు ఉబ్బి, తెల్లగా నాని ఉన్నాయి. తలెత్తి, మెల్లగా అంది. "మీ చేతిలో ఏది కాసింది గనక వదినా, ఇది కాయడానికి?"

నిలబడ్డవాళ్ళలో ఎవరో నవ్వు మింగారు. కౌంటరక్క చెంపలు మండిపోయాయి. డబ్బాను అక్కడే వదిలేసి, పిడికిళ్ళు బిగించుకుని పైకి వచ్చేసింది.

సాయంత్రం తమ్ముడు పైకి వచ్చాడు. డబ్బాను తెచ్చి దాని చోట దాన్ని పెట్టాడు. అడుగుల చప్పుడు వినగానే ఆవిడ పరుగున వెళ్ళి ఉప్పు మూత అందుకుంది. మొక్కలకు ఏమీ లేవన్న సంగతి చేతిలో ఉప్పు పట్టుకున్నాక గానీ గుర్తురాలేదు.

"ఉప్పుకు రాలేదక్కా," అన్నాడు వాడు. మనిషి చిక్కిపోయాడు. చేతులు వాడివి కూడా పెళ్ళాం చేతుల్లాగే నాని ఉన్నాయి. "పెద్దరోడ్డు అవతల షెడ్డు చూశాం. పైన గదులున్నాయి. మెషీన్లు అక్కడే ఉన్నాయి. డ్రమ్ము ఎవరో కొంటామన్నారు, శుక్రవారం వస్తారు."

"అంటే? నువ్వెందుకు పోవడం? నేను వద్దంది డ్రమ్మునేగా?"

"డ్రమ్ము లేకపోతే లాండ్రీ లేదక్కా. లాండ్రీ లేకపోతే నేనేం తినాలి, ఉప్పా?"

"ఇవి నీ మాటలు కావురా చిన్నా. అది నూరిపోసింది."

వాడు కాసేపు అద్దంలోంచి వీధిలోకి చూశాడు. "ఆఫీసులో అడిగాను. పైఅంతస్తువాళ్ళకు అభ్యంతరం లేదంటే పగటిపూట తిప్పుకోవచ్చట. నువ్వు ఒక్కమాట చెప్తే చాలు. నాకూ పోవాలని లేదక్కా."

ఒక్కమాట. అది ఆవిడ నాలుక చివరిదాకా వచ్చింది కూడా. అక్కడ దానికి మరదలి గొంతు అడ్డం పడింది, మీ చేతిలో ఏది కాసింది గనక అని.

"నా చెట్లను పాడుచేసింది తనేనని దాన్ని ఒప్పుకోమను. ఆ మరుక్షణం చెప్తాను."

"అది ఏం చేసిందని ఒప్పుకుంటుందక్కా?"

"అయితే నేనూ చెప్పను."

తమ్ముడు దిగిపోయాడు. శుక్రవారం వరకూ వాళ్ళు సామాన్లు కడుతున్న చప్పుళ్ళు వింటూ ఆవిడ పళ్ళు నూరుకుంటూ గడిపింది. వాళ్ళే పైకొచ్చి బతిమాలుతారని చూసింది. ఎవరూ రాలేదు.

శుక్రవారం లారీ వచ్చింది. కొనేవాడు లావుపాటి మనిషి, గొంతూ లావే. "ఒక్కసారి తిప్పి చూపించండి, అప్పుడే లారీ ఎక్కిస్తా," అనడం పైకి వినబడింది. ఎండ బాల్కనీలోకి దిగుతోంది. కౌంటరక్క వాళ్ళకు కనబడకుండా మొక్కల వెనక నిలబడి ఉంది. కింద డ్రమ్ము మూలిగింది, కదిలింది, వేగం అందుకుంది. గచ్చు అదిరింది. గచ్చు మీది డబ్బాలు, డబ్బాల్లోని కొమ్మలు, కొమ్మలకు తలవంచి వేలాడుతున్న పూలు అన్నీ జలదరించాయి. ఆవిడ ముఖానికి దగ్గరగా ఉన్న పూలగుత్తి నోట్లోంచి సన్నటి పసుపు పొడి రాలింది. పక్క కొమ్మ నుంచీ రాలింది. ఎదురెండలో ప్రతి మొక్క నుంచీ రాలుతోంది. ఆవిడ నల్లటి స్వెట్టర్ చేతుల మీద పడింది, గట్టు మీద పడింది.

గట్టు మీద పసుపు దుమ్ము. ఇన్నేళ్ళూ లాండ్రీ దుమ్మని తిట్టుకుంటూ తుడిచిన దుమ్ము.

పుప్పొడి కదలాలి అన్నాడు నర్సరీ అతను. తేనెటీగ లేదు, గాలి లేదు, అన్నీ తనే బిగించింది. ఆ రెండూ చేయాల్సిన పని ఇన్నేళ్ళూ గచ్చు కింద నుంచి డ్రమ్ము చేసిపెట్టింది. కాయలు దాని చలవ. తమ్ముడి రాకపోకలు కూడా దాని చలవే. అది తిరుగుతుంటే వాడికి చేతులు ఖాళీ, అందుకే వచ్చేవాడు. ఆగాక పొద్దస్తమానం దుప్పట్లు పిండుకోవడమే అయింది, ఇంకెక్కడ వస్తాడు? ఎవరూ ఏమీ పోయలేదు. తన నోటి దగ్గరి కూడు తనే కాలదన్నుకుంది.

ఆ ఒక్కమాట చెప్పాలి. లారీ ఎక్కకముందే చెప్పాలి. ఆవిడ చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగింది, పడబోయి గోడ పట్టుకుని మళ్ళీ దిగింది. లాండ్రీ గుమ్మంలోకి వెళ్ళేసరికి గది ఖాళీ, గోడలు బోసిగా ఉన్నాయి. మధ్యలో డ్రమ్ము గర్రుమని తిరుగుతోంది. కొనేవాడు దాని దగ్గరగా చెవి పెట్టి వింటున్నాడు. తమ్ముడు స్విచ్చు దగ్గర ఉన్నాడు. అక్కను చూడగానే వాడి ముఖం వెలిగింది, చిన్నప్పుడు బడి గేటు దగ్గర చూసినప్పుడు వెలిగినట్టే. ఆవిడ నోరు తెరిచింది.

ముందుగా మరదలు మాట్లాడింది. మూటలు కట్టి కట్టి విసిగిపోయి, నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

"ఏం వదినా, ఈ చివరి చప్పుడు కూడా భరించలేకపోయారా?"

కొనేవాడు ఆవిడ వైపు చూశాడు. కూలీలు చూశారు. తమ్ముడు చూస్తూనే ఉన్నాడు. వీళ్ళందరి ముందు, ఈ మనిషి ముందు, నీ తప్పేమీ లేదమ్మా, నా కాయలు మీ డ్రమ్ము వల్లే కాసేవమ్మా అనాలి. అనగలదా? ప్రాణం పోయినా అనలేదు.

"అవును," అంది కౌంటరక్క. "ఆపండి."

తమ్ముడు స్విచ్చు నొక్కాడు.

వాళ్ళు వెళ్ళిపోయాక బాల్కనీలో పూలు మళ్ళీ రాలాయి. కానీ అన్నీ కాదు. డ్రమ్ము తిరిగిన రోజు విచ్చుకుని ఉన్న గుత్తులు నిలిచాయి. వాటిలో పిందెలు పడ్డాయి, పిందెలు కాయలయ్యాయి. అన్ని మొక్కలకూ ఇంచుమించు ఒకే ఎత్తులో ఒక్కొక్క గుత్తి. దాని పైనా కిందా ఉత్త కాడలు. వేలితో కొడితే పుప్పొడి రాలుతుందని ఆవిడకు ఇప్పుడు తెలుసు. వేలు ఎత్తలేదు. ఎవరు తింటారని ఎత్తాలి?

కాయలు పండే రోజుల్లో ఓ మధ్యాహ్నం మెట్ల మీద అడుగుల చప్పుడైంది. తమ్ముడు. కింది అంతస్తు తాళంచెవి ఇవ్వడానికి వచ్చాడు. "ఎవరికైనా అద్దెకివ్వాలంటే నీ దగ్గరుంటే మంచిది," అని చెప్పి, తలెత్తి మొక్కల్ని చూసి ఆగిపోయాడు.

"అక్కా! కాశాయే!"

"నీకు కళ్ళున్నాయిగా."

"ఉప్పుందా?"

ఉప్పు తేమకు గడ్డకట్టి ఉంది. ఆవిడ వేలితో పొడిచి పొడిచి చిదిపింది. వాడు పండు తెంపి, చొక్కాకు తుడిచి, అద్దుకుని కొరికాడు. రసం గడ్డం మీదికి కారింది. నవ్వాడు. ఇల్లు మళ్ళీ ఇల్లయింది.

"బాగుందక్కా. ఇంతకీ ఏం చేశావు? ఎలా కాశాయి?"

చెప్పడానికి ఇంతకన్నా మంచి వేళ రాదు. ఎదురుగా ఎవరూ లేరు, నవ్వేవాళ్ళు లేరు. చెప్తే వాడు పగలబడి నవ్వుతాడు, వెళ్ళి ఇంట్లో చెప్తాడు, ఆ మనిషి కూడా నవ్వుతుంది. అక్కడ, ఆ మనిషి నవ్వు దగ్గర, కౌంటరక్క బుద్ధి మళ్ళీ గడ్డకట్టింది.

"ఏముంది? మీ ఆవిడ గుమ్మం దాటింది. పీడ పోయింది, చెట్లు కాశాయి."

తమ్ముడి దవడ ఆగింది. నోట్లోది మింగాడు. కొరికిన సగం పండును ఉప్పు మూత పక్కన పెట్టాడు. దాని పక్కన తాళంచెవి పెట్టాడు. జేబురుమాలు తీసి వేళ్ళు ఒక్కొక్కటీ తుడుచుకున్నాడు. వస్తానని చెప్పలేదు. మెట్ల మీద అడుగులు దిగిపోయాయి.

"చిన్నా," అంది ఆవిడ, ఎవరికీ వినబడనంత చిన్నగా. తర్వాత అద్దం దగ్గరికి పరుగెత్తింది. కింద వాడు వీధి దాటుతున్నాడు. "చిన్నా! ఒరేయ్! డ్రమ్మురా! డ్రమ్ము వల్లరా!" రెండు చేతులతో అద్దాన్ని దబదబా బాదింది. గమ్ము బాగా పట్టించిన అద్దం. మాట బయటికి పోలేదు. వాడు వెనక్కి చూడలేదు, మలుపు తిరిగాడు.

ఆవిడ బాదుతూనే ఉంది. అద్దం అదిరింది, డబ్బాలు అదిరాయి, ఆ పూట విచ్చుకున్న పూలన్నీ జలదరించి ఉప్పు మీద, తాళంచెవి మీద, సగం కొరికిన పండు మీద పసుపు పొడి రాల్చాయి. ఈసారి పూత నిలుస్తుంది. కాయలు బోలెడు కాస్తాయి.